రెండు చూపుల పువ్వు

పత్తిచేలోకి దిగేముందు మా పెదనాన్న గట్టు మీద కాసేపు ఊరికే నిలబడేవారు. చేతిలో పని ఉండేది కాదు. చూపు ఏ ఒక్క చెట్టు మీదా ఆనేది కాదు. రెప్పలు కొంచెం దించి, నాలుగెకరాల మీదా ఒకేసారి చూపు పరిచేవారు.

"ఏం చూస్తున్నావు పెదనాన్నా?"

"చేను చూస్తన్నారా."

"లోపలికెళ్లి చూడొచ్చుగా?"

"లోపలికెళ్తే చెట్టు కనపడుద్ది. చేను కనపడదు."

కాసేపటికి సాలు వెంట లోపలికి నడిచేవారు. ఒక పువ్వు దగ్గర వంగి, రెండు వేళ్లతో రేకలు విప్పి, అడుగుదాకా చూసేవారు. గట్టు మీదున్న మనిషి, ఆ పువ్వు దగ్గర వంగిన మనిషి ఒకరేనా అనిపించేది నాకు. రెండు చూపులూ ఆయనవే. కానీ ఒకదాన్ని ఇంకోదాంతో కలిపేవారు కాదు. గట్టు మీద ఉన్నంతసేపు పురుగు సంగతి ఎత్తేవారు కాదు. పువ్వు విప్పాక చేను ఊసే లేదు.

మాది రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి, ఎడమ కాలువ నీళ్లు ఈ వైపు పారాక గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లే ఈ క్యాంపులు. డేరాలు పోయి డాబాలు వచ్చినా పేరు చివర క్యాంపు అన్న మాట అలాగే ఉండిపోయింది. కాలువ బాగా అందే చోట వరి, అందని చోట నల్లరేగడిలో పత్తి, పొద్దుతిరుగుడు. ఇంట్లో తెలుగు, చేలో కూలీలతో కన్నడం. పత్తి అని పిలుస్తూ పెరిగిన మొక్కనే పొలంలో హత్తి అనేవాళ్లం. నా మొదటి పూల ఫొటోలన్నీ ఆ చేలలో తీసినవే.

ఈ అధ్యాయంలో చెప్పే పద్ధతి మా పెదనాన్న అలవాటుకు చాలా దగ్గరగా ఉంటుంది. ఒకే పువ్వును రెండుసార్లు తీస్తాం. ఒకసారి రేక అంచు, నూగు, పుప్పొడి గింజ కూడా లెక్కపెట్టగలిగేంత పదునుగా. ఇంకోసారి కావాలనే ఫోకస్ వదిలేసి, రంగు, వెలుగు మాత్రమే మిగిలేట్టు. తరవాత రెండింటినీ ఒకదాని మీద ఒకటి కలుపుతాం. వచ్చే బొమ్మలో గీత చెదరదు. కానీ పువ్వు చుట్టూ వెలుగు ఊరినట్టు ఉంటుంది. తెల్లారి మంచులో చూసిన పువ్వు మనసులో ఎలా మిగులుతుందో అలా ఉంటుంది.

కెనడా ఫొటోగ్రాఫర్ మైకేల్ ఆర్టన్ 1980ల నడుమ దీన్ని ఒక పద్ధతిగా స్థిరపరిచారు. అందుకే దీన్ని ఆర్టన్ పద్ధతి అంటారు. అవి స్లయిడ్ ఫిల్ము రోజులు. ఆయన ఒకే దృశ్యాన్ని రెండు స్లయిడ్ల మీద తీసి, కడిగాక రెండింటినీ ఒకే చట్రంలో అతికించి, వాటి గుండా వెలుగు పంపేవారు. రెండు స్లయిడ్లు కలిస్తే వెలుగు రెండుసార్లు వడగట్టుకుంటుంది కాబట్టి బొమ్మ నల్లబడుతుంది. అందుకని పదునైన దాన్ని రెండు స్టాపులు, మసకదాన్ని ఒక స్టాపు ఎక్కువ వెలుగుతో, వెలిసిపోయినట్టు తీసేవారు. ఒక స్టాపు పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం. ఒక్కొక్కటిగా చూస్తే రెండూ పారేయదగ్గ ఫొటోలే. కలిపాకనే రంగు నిండేది. ఇక్కడ నేను చాలాసార్లు ఆగిపోతాను. ఆ మసక స్లయిడును చెడిపోయిందని ఆయన చెత్తబుట్టలో వేసి ఉంటే ఈ పద్ధతే లేదు.

మనమూ అదే పని చేస్తుంటాం. కెమెరా తెర మీద ఫోకస్ తప్పిన ఫొటో కనిపిస్తే చెయ్యి దానంతటదే చెరిపే బటన్ మీదికి పోతుంది. చిన్నప్పటి నుంచీ మనకు నేర్పింది అదే. చదువులో ఏకాగ్రత, ఉద్యోగంలో ఏకాగ్రత, ఇలాంటి పుస్తకాల్లో అయితే పేజీకోసారి ఏకాగ్రత. సూదిమొన చూపుకి ఉన్న గౌరవం పరిచిన చూపుకి లేదు. దాన్ని పరధ్యానం అంటాం. పరధ్యానం వేరు. గట్టు మీద మా పెదనాన్న పరధ్యానంగా లేరు. ఒంటి నిండా మెలకువతో, ఏ ఒక్కదాన్నీ పట్టుకోకుండా ఉన్నారు. అది కూడా నేర్చుకోవలసిన పనే. పూల దగ్గర నేర్చుకోవడం తేలిక, ఎందుకంటే ఫలితం వెంటనే తెర మీద కనపడుతుంది.

పత్తిపువ్వుతో మొదలుపెట్టమంటాను. జూన్, జూలైల్లో వేసిన చేను రెండు నెలలకు పూతకొస్తుంది. ఇప్పుడు మన చేలలో ఉన్న హైబ్రిడ్ల పువ్వు పొద్దున్నే మీగడ రంగులో విచ్చుకుంటుంది. సాయంత్రానికి అంచుల్లో గులాబీ జీర మొదలవుతుంది. మర్నాటికి పువ్వంతా గులాబీ రంగుకు తిరిగి, ముడుచుకుని, తరవాత రాలిపోతుంది. ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం రేకల్లో పేరుకోవడం వల్ల వచ్చే మార్పు అది. అంటే ఏ ఉదయం వెళ్లినా ఒకే మొక్క మీద ఇవాళ్టి తెల్లపువ్వు, నిన్నటి గులాబీ పువ్వు పక్కపక్కన దొరుకుతాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పని ఉంది.

పొద్దు పొడిచిన మొదటి గంట మీది. మా వైపు వానాకాలపు గాలి పొద్దెక్కేకొద్దీ జోరందుకుంటుంది. రెండు ఫొటోల మధ్య పువ్వు ఊగితే కలిపినప్పుడు అంచు జంటగా కనపడి, తల తిరిగినట్టు ఉంటుంది. కెమెరాను స్టాండు మీద బిగించండి. రేగడి మెత్తగా ఉంటే స్టాండు కాళ్లు మెల్లగా దిగబడతాయి, కాబట్టి కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టండి. బటన్ నొక్కే చెయ్యి కూడా కెమెరాను కదుపుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

మొదట పదును ఫొటో. ఎపర్చర్ ఎఫ్ 11 దగ్గర పెట్టి, పువ్వు మధ్యలోని కేసరాల గుత్తి మీద చేత్తో ఫోకస్ చేయండి. ఆటో ఫోకస్ ఆపేయండి, లేకపోతే రెండో ఫొటోకి మీరు వదిలేసిన ఫోకస్‌ను కెమెరా మళ్లీ వెతికి పట్టుకుంటుంది. పదును ఫొటోకి పక్కవెలుగు కావాలి, రాతి మీది శాసనం చదవడానికి కావలసినట్టే. రాయచూరు కోట గోడలో చాలా పొడవైన ఒకే రాతి మీద 1294 నాటి శాసనం ఉంది.  శాసనాలు చదివేవాళ్లని అడిగి చూడండి, నడినెత్తి ఎండలో రాతి మీద అక్షరం పట్టుబడదంటారు. ఏటవాలు వెలుగు పడ్డప్పుడే గాట్లలో నీడ నిలిచి అక్షరం లేచి వస్తుంది. పత్తి రేక మీది ఈనెలూ అంతే. మీగడ రంగు రేకను సూటిగా పడే వెలుగులో తీస్తే తెల్ల కాగితంలా ఉంటుంది, పక్క నుంచి వెలుగు తగిలితే ప్రతి ఈనె విడిగా నిలబడుతుంది. కలిపినప్పుడు ఈ గీతల బలం ఎలాగూ సగం తగ్గుతుంది. అందుకే మొదటి ఫొటోలో అవి అవసరానికి మించి గట్టిగా ఉండాలి.

ఇక మసక ఫొటో. కెమెరా కదపకుండా ఎపర్చర్‌ను ఎఫ్ 2.8కి తెరవండి. ఎఫ్ 11కీ దీనికీ నాలుగు స్టాపుల తేడా, అంటే లెన్సులోకి పదహారు రెట్లు వెలుగు వస్తుంది. మొదటి ఫొటోని సెకనులో ముప్పయ్యో వంతు వేగంతో తీసి ఉంటే ఇప్పుడు అయిదువందలో వంతుకు పెంచాలి. ఎపర్చర్ తెరవడం ఎందుకంటే, మూసి ఉంచితే మసక సరిపోదు, వచ్చిన కాస్త మసకలో వెలుగు చుక్కలు గుండ్రంగా కాక పలకలు పలకలుగా పడతాయి.

ఫోకస్‌ను ఏ వైపు తిప్పాలన్నది చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో బొమ్మ బాగుపడటం, చెడటం ఎక్కువగా ఇక్కడే ఉంది. పువ్వు అవతలికి తిప్పితే పువ్వు మసకబారుతుంది కానీ వెనకున్న పుల్లలు, కలుపు, కరెంటు స్తంభం పదునెక్కి ముందుకొస్తాయి. మీ వైపుకి, అంటే పువ్వుకన్నా దగ్గరికి తిప్పండి. పువ్వూ కరుగుతుంది, వెనకదంతా ఇంకా కరుగుతుంది. ఎంతవరకు తిప్పాలి? తెలియని మనిషికి చూపిస్తే ఇది పువ్వే అని చెప్పగలిగి, ఏ పువ్వో తేల్చుకోలేకపోయే దగ్గర ఆపడం నా అలవాటు. ఫోకస్ తిప్పినప్పుడు చాలా లెన్సుల్లో పువ్వు కొలత కాస్త మారుతుంది. కాబట్టి మొదటి నుంచీ చుట్టూ కొంత ఖాళీ వదిలి తీయండి. తేడా ఉంటే కలిపేటప్పుడు మసకదాన్ని కొంచెం పెంచో తగ్గించో, పువ్వు నడిమి భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి పడేట్టు సర్దుకోవచ్చు.

వెలుగును కూడా మార్చవచ్చు. పదును ఫొటోని ఏటవాలు ఎండలో తీశాక, పువ్వు మీద తెల్ల పంచె నీడ పట్టి మసక ఫొటో తీసి చూడండి. ఎండలో తెలుపుగా కనిపించిన రేక నీడలో దాని అసలు మీగడ రంగు బయటపెడుతుంది. గీత ఎండది, రంగు నీడది. ఒక్క ఫొటోలో ఈ రెండూ దొరకవు.

ఇప్పుడు కలపడం. కెమెరాలోనే మల్టిపుల్ ఎక్స్‌పోజర్ ఉంటే రెండు రకాలు కనిపిస్తాయి. సగటు చేసే రకంలో కెమెరానే వెలుగు సర్దుకుంటుంది. కూడిక రకంలో వెలుగు మీద వెలుగు చేరుతుంది కాబట్టి రెండు ఫొటోలకు ఒక్కొక్కటీ ఒక స్టాపు, నాలుగు ఫొటోలయితే రెండు స్టాపులు తగ్గించి తీయాలి. కంప్యూటర్లో కలిపేవాళ్లకు స్క్రీన్, మల్టిప్లై అని రెండు దారులున్నాయి. వీటి తేడా తెలియకుండా ఏదో ఒకటి నొక్కి చూసి సరిపెట్టుకుంటారు, అది నాకు బాధగా ఉంటుంది. స్క్రీన్‌లోనూ కూడికలోనూ తెలుపు నలుపులోకి పొంగుతుంది. నల్లటి నీళ్ల మీది తామర, ముదురాకుల మధ్య పత్తిపువ్వు దీనికి తగినవి. మల్టిప్లై ఆర్టన్ స్లయిడ్ల దారి. ఇందులో నలుపు తెలుపులోకి ఊరుతుంది, రంగు చిక్కబడుతుంది. తెల్లటి ఆకాశం ముందు నిలబడ్డ పొద్దుతిరుగుడుకి, ఎండిన కొమ్మ మీద ఎర్రటి మోదుగుపూలకి ఇది కావాలి. అయితే ముందు రెండు ఫొటోలనీ తేలిక చేసుకోవాలి, లేకపోతే బొమ్మ మసిబారుతుంది. పువ్వు దాని వెనకదానికన్నా తెల్లగా ఉందా, ముదురుగా ఉందా అని పొలంలోనే చూసుకుంటే ఏ దారో అక్కడే తేలిపోతుంది.

పొద్దుతిరుగుడు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. దాని పేరే దాని గుణం అనుకుంటాం గానీ, పొద్దుతో తిరిగేది మొగ్గదశలో ఉన్న లేత మొక్క. పూర్తిగా విచ్చుకున్న పువ్వు తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. తూర్పున ఉన్న పువ్వు పొద్దున్నే వేడెక్కుతుందని, ఉదయం పూట పడమటికి తిప్పిన పువ్వులకన్నా దానికి అయిదు రెట్లు ఎక్కువగా తేనెటీగలు వస్తాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం పరిశోధకులు 2016లో చూపించారు. మనకు దీనివల్ల ఒక లాభం ఉంది. చేనుకి తూర్పు గట్టు మీద నిలబడితే పొద్దున్నే పువ్వులన్నీ మీకు ఎదురుగా ఉంటాయి. పడమటి గట్టు మీద నుంచి తీస్తే వెన్ను, వెన్ను వెనక వెలుగు. మసక ఫొటోని పడమటి వైపు నుంచి తీసిన చిత్రాలే నాకు ఎక్కువ ఇష్టం. రేకల గుండా వెలుగు జల్లెడ పట్టినట్టు వస్తుంది.

ఫోన్‌తో కుదరదా అని అడిగేవాళ్లుంటారు. కుదురుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వాడొద్దు. అది వెనకదాన్ని మసక చేసి పువ్వును పదునుగా ఉంచుతుంది, మనకు కావలసింది పువ్వే కరగడం. ప్రో మోడ్‌లో ఫోకస్‌ను చేత్తో జరిపే వీలుంటే పువ్వుకి జానెడు దూరంలోకి వెళ్లి ఒక ఫొటో పువ్వు మీద, ఒకటి బాగా దూరానికి పెట్టి తీయండి. ఫోన్ లెన్సు చిన్నది కాబట్టి దగ్గరికి తిప్పి తెచ్చే మసక సరిపోదు, ఇక్కడ మాత్రం దూరానికే పోవాలి. వెనక పుల్లలు లేని పువ్వును ఎంచుకోండి, లేదా వెనక ఒక ఆకుపచ్చ తుండు కట్టండి. స్నాప్‌సీడ్‌లో డబుల్ ఎక్స్‌పోజర్ అనే పనిముట్టుతో రెండూ కలిపేయొచ్చు. పదును ఫొటోకే తరవాత కంప్యూటర్లో మసక పూసి కలిపే దారి కూడా ఉంది. పని జరుగుతుంది. కానీ లెన్సు ఇచ్చిన మసకలో మంచుబొట్టు గుండ్రని దీపంలా విచ్చుకుంటుంది. తరవాత పూసిన మసకలో అదే బొట్టు బూడిదరంగు మరకవుతుంది. అందుకే పొలంలో రెండోసారి కూడా తీయమంటాను.

ఇప్పుడు తెల్లపువ్వు, గులాబీ పువ్వు. ఇవాళ్టి తెల్లపువ్వును పదునుగా తీయండి. స్టాండు జరిపి, నిన్నటి గులాబీ పువ్వును అదే కొలతలో, ఫోకస్ వదిలి తీయండి. కలిపితే తెల్లటి రేకల వెంట రేపటి రంగు కమ్ముకుని ఉంటుంది. ఒక పువ్వు రెండు రోజులు ఒకే బొమ్మలో. ఇది సాధన చేయడానికి నాకు తెలిసిన అన్నింటికన్నా మంచి పాఠం, ఎందుకంటే ఇందులో మసక ఫొటోకి కూడా సొంత విషయం ఉంది. దాన్ని మీరు తొందరగా ముగించలేరు.

తొలిరోజుల్లో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. రెండు ఫొటోలు ఎందుకు, ఒకటే తీసి ఫోకస్‌ను సగం వదిలితే సరిపోదా అనుకున్నాను. సరిపోలేదు. సగం వదిలిన ఫొటోలో గీతా లేదు, వెలుగూ ఊరలేదు, చెయ్యి వణికిన ఫొటోలా ఉంది. పదునైనది పూర్తిగా పదునుగా, మసకది పూర్తిగా మసకగా ఉంటేనే రెండూ కలుస్తాయి. ఈ పొరపాటే నా ఇంట్లోకి కూడా వచ్చింది. అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు చూస్తూ వాడి భవిష్యత్తు గురించి బెంగపడేవాణ్ని, వాడితో కూర్చుని కబుర్లాడే వేళ లెక్కల మార్కులు గుర్తుచేసుకునేవాణ్ని. రెండుచోట్లా సగం ఫోకస్. ఇప్పుడు మార్కుల రోజున మార్కులే చూస్తాను, ఏ లెక్క ఎక్కడ తప్పిందో కాగితం ముందు పెట్టుకుని. ఆదివారం సాయంత్రం కాలువ గట్టు మీద వాడితో నడిచేటప్పుడు ఏదీ అడగను, వాణ్ని వాడిలా చూస్తాను. మీరూ మీకు ముఖ్యమైన ఒక మనిషినో పనినో తీసుకుని వారం రోజులు ఇలా రెండు వేళలు విడిగా పెట్టి చూడండి. రెండు వేళలకీ మధ్య కొంత ఎడం ఉండాలి. ఫోకస్ తిప్పడానికి లెన్సుకి కూడా కాస్త సమయం పడుతుంది.

ఒక అక్టోబరు ఉదయం మా చేలో మసక ఫొటోలు తీస్తున్నాను. ఆరోజు ఒక్క పువ్వు కాకుండా సాలు మొత్తాన్నీ ఫోకస్ వదిలి తీశాను. తెర మీద విచ్చుకున్న పువ్వులన్నీ మీగడ రంగు బిళ్లల్లా, ఇంచుమించు ఒకే కొలతలో కనిపించాయి. మధ్యలో రెండు మూడు చోట్ల మాత్రం బిళ్ల విచ్చలేదు. చిన్న ముద్దలా ఉండిపోయింది. పదును ఫొటోలో అదే చోటు చూస్తే నాకేమీ తోచలేదు, ఆకులు, కొమ్మలు, కాయలు, ఎన్నో గీతల మధ్య అదీ ఒక మొగ్గలాగే ఉంది.

పెదనాన్నని పిలిచి చూపించాను. "మొదటిది ఇంకోసారి చూపించు" అన్నారు. మసక ఫొటో. ముద్దల మీద వేలు పెట్టి, "గుడ్డిపూలు" అన్నారు.

వెళ్లి ఒకదాన్ని విప్పాం. రేకలు మెలితిరిగి గూడులా అల్లుకుపోయి ఉన్నాయి, లోపల గులాబీ రంగు పురుగు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలిచే పురుగుల బెంగ తీరిందనుకున్న రైతుకి ఈ పురుగు మళ్లీ తిరిగొచ్చింది. వందపూలలో పది గుడ్డిపూలుంటే మందు కొట్టే దశకి వచ్చినట్టు లెక్క. లింగాకర్షక బుట్టలు పెట్టిన చేలో అయితే బుట్టకి రాత్రికి ఎనిమిది మగ రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రాత్రులు పడినా అదే లెక్క.

కెమెరా సంచిలో పెట్టేశాను. పెదనాన్న ఒక సాలు, నేనొక సాలు పట్టుకుని నూరు పూలు లెక్కపెట్టాం. ఏడు వచ్చాయి. దొరికినవన్నీ తెంపి చేతిసంచిలో వేసుకుని, గట్టు ఎక్కాక ఆయన ఇంకోసారి వెనక్కి తిరిగి చేను చూశారు.

"నాలుగు రోజులాగి మళ్లీ లెక్కేద్దాం. ఆ మసకమసకగా తీసేది కూడా తెచ్చుకో."